చెంచమ్మ నాలిక

గోనెపల్లె గింజల కొట్టంలో అరచేతిలో ఇమిడేంత స్టీలు డబ్బా ఒకటి ఉండేది. అందులో ఉన్నది చెంచమ్మ నాలిక. మాటవరసకి అంటున్నది కాదు. నిజంగానే ఆమె నాలుక మీంచీ కడుపులోంచీ నలుసంత కండ తీసి, దాన్ని గాజు మీద బిళ్ళలా పెంచి, గోరువెచ్చగా ఉంచి ప్రాణంతో నిలబెట్టారు. రోజూ పొద్దున్నే ఒక చుక్క ఆహారం పోస్తే చాలు, దాని పని అది చేసుకుపోతుంది. కనిగిరి మెట్టలో ఇంకో ఎనభై ఆరు ఊళ్ళలో ఇలాంటి డబ్బాలున్నాయి. ఒకే మనిషి ఎనభై ఆరు ఊళ్ళలో ఒకేసారి రుచి చూడటమేమిటని మీరూ నేనూ నోరు తెరవాల్సిందే గానీ, ఆ ఊళ్ళవాళ్ళకి రెండేళ్ళలో అదంతా అలవాటైపోయింది.

డబ్బాని తయారుచేసింది చెంచమ్మ కూతురు సులోచన. డబ్బా మాట నమ్మి ఆరికన్నం తిని పోయింది చెంచమ్మ కోడలు తిరుపతమ్మ. 

ముందు ఆరికల సంగతి చెప్పాలి. రాత్రిళ్ళు చల్లబడటం మానేసిన ఏడాది నుంచీ వరి కంకి పాలు పోసుకోవడం మానేసింది. పైరు ఏపుగా పెరుగుతుంది, కంకి వేస్తుంది, పట్టుకుని చూస్తే అంతా తాలు. మూడేళ్ళు చూసి, ఇక లాభం లేదని జనం పాత గింజల కోసం వెతుక్కున్నారు. కొర్రలు, సామలు, వరిగెలు, అన్నిటికంటే మొండివి ఆరికలు. రాళ్ళ నేలలో చల్లి వదిలేసినా బతుకుతాయి. గాదెలో పోస్తే పదేళ్ళయినా పురుగు ముట్టదు. పొలానికి పోయేవాడికి సంగటి, జ్వరం వచ్చి లేచినవాడికి నూక జావ, చక్కెర జబ్బు మనిషికి అన్నం, గేదెకి తవుడు, ఇంటికప్పుకీ గోడ మట్టిలో కలపడానికీ గడ్డి. ఇన్ని పనులకొచ్చే పంటకి, బీదవాళ్ళ కూడని ఉన్నవాళ్ళు ముప్పయ్యేళ్ళు మొహం చాటేసి, ఇప్పుడు గతిలేక కాళ్ళు పట్టుకున్నారు.

అయితే ఆరికకి ఒక పాడుగుణం ఉంది. కోత సమయంలో వాన పడిందా, కంకిలో మత్తు చేరుతుంది. చూస్తే తేడా తెలియదు, వాసన తెలియదు. తిన్న రెండు మూడు గంటలకి తల తిరిగి, ఒళ్ళు వణికి, కక్కుకుంటారు. అందుకని మెట్ట ఊళ్ళలో కొత్త ఆరికలు వండిన రోజు ఒక ముసలామె గానీ మొగుడు పోయినామె గానీ ముందు తినేది. గొడ్లు ఇంటికొచ్చే వేళ దాకా మిగతావాళ్ళు కూటికుండ ముట్టుకునేవాళ్ళు కాదు. దాన్ని ముందుముద్ద అనేవాళ్ళు. గోనెపల్లెలో ఇరవయ్యారేళ్ళకే మొగుడు పోయిన చెంచమ్మ ఊరందరికీ ముందుముద్ద తినే మనిషి అయింది. ఆమె పీట మీద కూర్చున్న ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ ఊళ్ళో మత్తుకి ఒక్కరూ పడలేదు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి గింజలు మూటగట్టుకుని ఆమె దగ్గరికి తెచ్చేవాళ్ళు.

సులోచనకి చిన్నప్పటి నుంచీ అదే గొప్ప. తెల్లకోటు వేసుకుని గింజల పరిశోధన చేసే లాబ్‌లో పనిచేస్తున్నా, ఎవరైనా మీ అమ్మగారేం చేస్తారంటే ఊరికి ముందు తింటుందని తల ఎత్తి చెప్పేది.

లాబ్‌లో అందరూ మత్తుని కొలిచే పరికరం కోసం తల బద్దలు కొట్టుకుంటున్నారు. ఆ మత్తు ఒక్క విషం కాదు. నాలుగైదు కలుస్తాయి. విడివిడిగా కొలిస్తే ఒక్కటీ హద్దు దాటదు, కలిసి మాత్రం మనిషిని పడగొడతాయి. మనిషి ఒళ్ళు పసిగట్టేదాన్ని పరికరం పట్టుకోలేకపోతే, ఆ ఒంటినే పరికరం చేద్దామన్నది సులోచన. ముందు లాబ్‌లో వాళ్ళ కండలే పెంచి చూశారు. విషం తగిలితే బిళ్ళ నీలం తిరగాలి. కానీ జన్మలో ఆరిక తినని నాలుకలవి. మంచి గింజల నీళ్ళు పోసినా చెడ్డ గింజల నీళ్ళు పోసినా ఒకేలా బెదిరిపోయి నీలంగా మారేవి. సులోచన తన కండ ఇవ్వాలనుకోలేదు. పదకొండో ఏటే హాస్టలుకి పోయినదాన్ని, నా నాలుకేం నాలుక అనుకుంది. అమ్మని పిలిపించింది.

యాభై సీసాల్లో యాభై రకాల గింజలు పెట్టారు. రోజుకి రెండు, చిటికెడు వండి చెంచమ్మకి పెట్టేవాళ్ళు. ఆమె తిని, కుర్చీలో గంటా రెండు గంటలు కూర్చుని, మంచివో మత్తువో చెప్పేది. మొదటి రోజే ఆమె సీసా చేత్తో పట్టుకుని, ఈ గింజలు కోసేటప్పుడు వాన పడిందా అని అడిగింది. సులోచన నవ్వింది.

"అది చెప్పకూడదమ్మా. చెప్తే పరీక్ష చెడిపోద్ది."

"వాన సంగతి తెలవకండా ఎట్టా చెప్పేదే?"

"నీ నాలిక చెప్పింది చెప్పు, చాలు."

చెంచమ్మ మళ్ళీ అడగలేదు. కూతురు చదువుకున్న మనిషి, ఆమె పని ఆమెకి తెలుసు. యాభై సీసాలూ అయ్యేసరికి, ఆమె మత్తన్న చోటల్లా ఆమె కండతో పెంచిన బిళ్ళ నీలమైంది. మంచివన్న చోటల్లా తెల్లగా ఉంది. యాభైకి యాభై. లాబంతా చప్పట్లు కొట్టారు. డైరెక్టరు మోహనరంగం ఒక్కడే, ఆమె చెప్పినవి సరైనవో కాదో ఇంకో మనిషికి పెట్టి చూడొద్దా అన్నాడు. విషం తినమని ఎవరిని అడుగుతాం సార్ అంది సులోచన. అంతటితో ఊరుకుంటే పోయేది. మా అమ్మ చెప్పింది తప్పయితే మా ఊళ్ళో ఇప్పటికి సగంమంది ఉండరని కూడా అంది. ఆయన కాగితాల మీద సంతకం పెట్టేశాడు. అమ్మని అమ్మతోనే సరిచూశామన్న సంగతి ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టాల్సింది సులోచనకి.

డబ్బాలు ఊళ్ళకి వెళ్ళాయి. జనం దానికి పెట్టిన పేరు చెంచమ్మ నాలిక. ముందుముద్ద ఆచారం పోయింది. గింజలు నూరి, నీళ్ళు తేర్చి, చుక్క వేసి పావుగంట చూస్తే సరిపోతుంది. గోనెపల్లె కొట్టం బాధ్యత తిరుపతమ్మకి అప్పగించారు. చలాకీ మనిషి. డబ్బాని చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకునేది. రోజూ పొద్దున్నే చుక్క పోస్తూ, "అత్తా, తిన్నావా?" అని డబ్బాని పలకరించేది. పక్కనే ఉన్న చెంచమ్మ, ఇక్కడ నేనుండగా దాన్ని అడుగుతావేమే అని విసుక్కుంటూ నవ్వేది.

ఆ కార్తీకంలో, డబ్బాలొచ్చాక మొదటిసారి, కోతల మధ్య తుఫాను పట్టుకుంది. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. వాన వెలిశాక ఎండబెట్టిన గింజలు చూసి చెంచమ్మ కోడల్ని పిలిచి, వీటిని పక్కన పెట్టమంది. తిరుపతమ్మ నూరి, చుక్క వేసింది. బిళ్ళ తెల్లగా ఉంది. ఇంకోసారి వేసింది. తెల్లగానే ఉంది.

"డబ్బాలో ఉండేది నువ్వే గదత్తా," అంది తిరుపతమ్మ. "నువ్వే బాగుండయ్యన్నావు. మళ్ళా నువ్వే వద్దంటే ఎవురి మాట ఇనాల?"

చెంచమ్మ డబ్బాలో తెల్లగా ఉన్న బిళ్ళని చూసింది. తన నాలికే మంచివని చెప్తుంటే తనేమని కాదంటుంది? కూతురు చేసిన వస్తువు, పై చదువుల వాళ్ళంతా చప్పట్లు కొట్టిన వస్తువు. సరేలే అంది.

ఆ మధ్యాహ్నం కొట్టంలో పనిచేసే పద్దెనిమిది మంది అక్కడే వండుకు తిన్నారు. పొద్దు వాలకముందే పద్దెనిమిది మందీ గోడలు పట్టుకున్నారు. పదిహేడు మంది రెండు మూడు రోజుల్లో తేరుకుని లేచారు. తిరుపతమ్మకి చిన్నతనంలో వచ్చిన కీళ్ళజ్వరం వల్ల గుండె బలహీనం. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆటోలోనే ప్రాణం పోయింది. తల మాల్యాద్రి ఒళ్ళో ఉంది. ఆమె మొగుడు, సులోచనకి అన్న.

లాబ్ వాళ్ళు విచారణ జరిపారు. వారంలో తేల్చేశారు. డబ్బా వెచ్చదనం తగ్గిపోయి బిళ్ళ మొద్దుబారిందట, కొట్టం నిర్వాహకురాలి అజాగ్రత్త వల్ల జరిగిందట. మోహనరంగం చెడ్డవాడేం కాదు. సులోచనని కూర్చోబెట్టి మెల్లగానే చెప్పాడు. పోయిన మనిషికి దీనివల్ల కొత్తగా జరిగే చెడు లేదమ్మా, ఈ డబ్బాలు ఆగిపోతే మెట్టంతా ఏం తింటుందో నువ్వే చెప్పు, మీ వదిన పోయిన దుఃఖంలో ఉన్నావు, సెలవు పెట్టి ఇంటికెళ్ళు అన్నాడు. డబ్బాలు జాగ్రత్తగా వెచ్చగా ఉంచుకోమని ఎనభై ఆరు ఊళ్ళకీ నోటీసు పంపించారు.

సులోచన సెలవు పెట్టలేదు. గోనెపల్లె డబ్బా తెప్పించి, లోపల నమోదైన వెచ్చదనం చూసింది. రెండేళ్ళలో ఒక్క పూట కూడా తగ్గలేదు. వదిన పెంచుకున్న తీరు అలాంటిది. అప్పుడు తన నాలుక మీంచి కాస్త కండ తీసుకుని, తొమ్మిది రోజులు పెంచి, వదిన తిన్న గింజల నీళ్ళు అమ్మదీ తనదీ రెండు బిళ్ళల మీదా చెరొక చుక్క వేసింది. అమ్మ బిళ్ళ తెల్లగా ఉండిపోయింది. ఆమె బిళ్ళ చూస్తుండగానే ముదురు నీలమైంది. మంచి గింజల నీళ్ళు వేసిన తన ఇంకో బిళ్ళ తెల్లగానే ఉంది. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ అంతే. అదే ఆరికన్నం తిని ఒకే ఇంట్లో బతికిన ఇద్దరిలో ఒకరి ఒళ్ళు ఎందుకు మొద్దుబారిందో ఆమెకి అర్థం కాలేదు. అమ్మ ఒంటిదే లోపమని మాత్రం అర్థమై, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఊరికి బస్సెక్కిందే గానీ ఏం చెప్పాలో తేల్చుకోలేదు. నిజం చెప్తే కోడల్ని చంపింది నీ ఒళ్ళేనని అమ్మకి చెప్పినట్టు. అరవై ఆరేళ్ళ మనిషి, ఊరికి మేలు చేశానన్న ఒక్క తృప్తి మీద బతికిన మనిషి. చెప్పకపోతే తడిసిన ఆరికలు ఎనభై ఆరు కొట్టాల్లో ఉన్నాయి, పాతవి అయిపోగానే అవే వండుతారు.

ఇంటికెళ్ళేసరికి మాల్యాద్రి లేడు. ఊళ్ళోకి పోయాడంది చెంచమ్మ. రిపోర్టు చదివినప్పటి నుంచీ రోజూ పోతున్నాడట. జబ్బుపడి లేచిన పదిహేడు ఇళ్ళకీ ఒక్కో ఇంటికి వెళ్ళి, నా భార్య అజాగ్రత్తగా ఉంది, క్షమించండి అని చేతులు జోడించి వస్తున్నాడట. చనిపోయిన వదిన తరఫున అన్న గుమ్మం గుమ్మం తిరిగి దణ్ణాలు పెడుతున్నాడని విన్నాక సులోచన సంచి కింద పెట్టేసింది. అరుగు మీద కూర్చుంది.

చెంచమ్మ వంటగది గుమ్మంలో కూర్చుని చేటలో కొర్రలు ఏరుతోంది. సులోచన ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, అడగాలనుకున్నదే అడిగింది. వాన పడ్డ ఏడాది ఊళ్ళోవాళ్ళ గింజలు పక్కన పెట్టించేదానివి కదా, మన గింజలు కూడా. అవన్నీ ఏంచేసేవాళ్ళం అని.

"వాళ్ళయి వాళ్ళు గొయ్యి తీసి పూడ్చుకునేవాళ్ళు. మనయ్యా?" చెంచమ్మ చేట ఆపలేదు. "గింజల్ని పారేస్తారంటే ఎవురైనా? మీ నాయన పోయినాక ఉండేది రెండెకరాలు. పండిందాంట్లో సగం మత్తయితే మీకేం పెట్టను? మంచియి మీకు వొండేదాన్ని. ఆ పాడుయి ఏడు నీళ్ళు కడిగి, మజ్జిగలో నానేసి నేను తినేదాన్ని. మీరు బళ్ళోకి పోయినాక."

"ఎన్నాళ్ళు తిన్నావమ్మా?"

"మొదట్లో తల తిరిగేది. గోడకి ఆనుకోని కూసునేదాన్ని, మీరొచ్చే ఏళకి తేరుకునేదాన్ని. నాలుగైదేండ్లకి తిరగటం మానేసింది. ఒళ్ళు అలవాటు పడిందిలే అనుకున్నా..."

చేట ఆగింది. చెంచమ్మ చేతిలో ఉన్న గింజల్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె చదువుకోలేదు గానీ బుర్ర చురుకైన మనిషి. కూతురు తొమ్మిది రోజులు గాజు మీద కండ పెంచి తెలుసుకున్నదాన్ని ఆమె తన మాట తానే విని తెలుసుకుంది. సులోచన లేచి వచ్చి ఆమె మోకాళ్ళ మీద చేతులు వేసింది. చెప్పాల్సిన అవసరం తప్పిపోయింది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"వాన పడిందా అని అడిగితే చెప్పొద్దన్నావు," అంది చెంచమ్మ. నిష్ఠూరం కాదు. జరిగిందాన్ని వరసలో పెట్టుకుంటున్నట్టు అంది. "నేను ఊళ్ళో చెప్పింది సగం నాలికతోనూ సగం వాన చూసీ. మరీ ముదురు మత్తుకి తప్ప నాలిక పలకటం పోయిందని నాకూ తెలవదు. వానని చూసి చెప్పిందంతా నాలికే చెప్పిందనుకున్నా."

"తప్పు నాదమ్మా. వానని వదిలేసి నీ నాలికని మాత్రమే కోసుకుపోయాను."

"నా కోడలు పోయింది," అంది చెంచమ్మ. అప్పుడు ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. ఆ పాడు గింజలు తను తినకపోతే ఈ పిల్లలిద్దరూ తినేవాళ్ళు. తిన్నందుకు ఇంటికొచ్చిన పిల్ల పోయింది. ఇందులో ఎక్కడ తప్పు చేశానని ఆమె దేవుణ్ణి అడిగిందో, తనని తాను అడుక్కుందో.

కాసేపటికి చెంచమ్మ మొహం తుడుచుకుని, మిగతా ఊళ్ళలో ఏం తింటున్నారని అడిగింది. ఇప్పటికి పాత గింజలు, అవి అయిపోతే డబ్బా మంచివన్నవేనని సులోచన చెప్పింది. అయితే ముందు వాళ్ళని ఆపమంది. మాల్యాద్రికి ఎవరు చెప్పాలన్న మాట వచ్చినప్పుడు అడ్డంగా తల ఊపింది.

"వాడికి నేను చెప్తా. నువ్వు చెప్పబాక."

సులోచన ఫోను తీసి జాబితాలో మొదటి ఊరికి చేసింది. కొట్టం చూసే ఆవిడ పలికింది. డబ్బాని నమ్మొద్దని సులోచన చెప్పబోతే, ఆవిడ ధైర్యం చెప్పింది. మాకు నోటీసు వచ్చిందమ్మా, మేం డబ్బాని వెచ్చగానే పెడతన్నాం, మీ వదినలాగా వదిలేసే రకం కాదులే అంది. స్పీకరులో ఆ మాట చెంచమ్మ విన్నది. లేచి వచ్చి కూతురి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"నేను గోనెపల్లె చెంచమ్మని. ఆ డబ్బాలో ఉండేది నా నాలిక. అది ఎప్పుడో చచ్చిన నాలికమ్మా. దాని మాట ఇని నా కోడలు పోయింది. నా కోడలు ఏ తప్పూ చెయ్యలా. వానకి తడిసిన గింజలు తినబాకండి."

అవతల ఆవిడ సరేనమ్మా అని ఏడుపు గొంతుతో అంది. చెంచమ్మ కూతురి వైపు చూసి, తరవాతి ఊరు కలపమంది.

ఆ పగలంతా చేసింది, మర్నాడు పగలంతా చేసింది. కొందరు నమ్మలేదు, వాళ్ళకి గింజలు ఏడు నీళ్ళు కడిగిన సంగతి మొత్తం చెప్పాల్సి వచ్చింది. కొందరు తిట్టారు, పడింది. ఒక ఊరావిడ, నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది కదా ముసలిదానా అంది, అవునమ్మా అంది చెంచమ్మ. లాబ్ నుంచి మోహనరంగం సులోచనకి రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఆమె ఎత్తి, రిపోర్టులో మా వదిన పేరు తీసి నా పేరు రాయండి సార్, పరీక్ష తప్పుగా చేసింది నేను అని చెప్పి పెట్టేసింది. ఉద్యోగం సంగతి ఆయనా ఎత్తలేదు, ఈమె కూడా అడగలేదు.

మాల్యాద్రి మొదటి రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. లోపలి మాటలు వినపడి వాకిట్లోనే ఆగిపోయాడు. గోడ అవతల మంచం మీద కూర్చుని, ముందేసుకున్న జనపనార పేనుతూ ఉండిపోయాడు. అమ్మ ప్రతిసారీ అదే మాట చెప్తోంది. నా కోడలు ఏ తప్పూ చెయ్యలా. అతను మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళలేదు. సులోచన అన్నం పెట్టుకెళ్తే తిన్నాడు, చెల్లెలి మొహం చూడలేదు. చెంచమ్మకి కొడుకు వచ్చిన సంగతి తెలుసు. గోడ అవతలే ఉన్నాడని తెలుసు. ప్రతి ఊరి తరవాతా, వాడికి చెప్పి వస్తానని లేవబోయి, ఇంకో ఊరు కలపవే అని మళ్ళీ కూర్చునేది.

రెండో రోజు పొద్దు వాలే వేళకి ఎనభై ఆరో ఊరు అయిపోయింది. చెంచమ్మ గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఇంకెవరున్నారని సులోచనని సైగతోనే అడిగింది. ఇక ఎవరూ లేరమ్మా అంది సులోచన.

మాల్యాద్రి లోపలికొచ్చాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి తల్లి పక్కన పెట్టాడు. ఆమె తాగేదాకా ఆగి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అందరికీ చెప్పావు," అన్నాడు. "నాకూ చెప్పమ్మా."

చెంచమ్మ నోరు తెరిచింది. రెండు రోజుల్లో ఎనభై ఆరుసార్లు చెప్పిన మాట. "మాల్యాద్రీ," అంది. ఆ తరవాత మాట రాలేదు. మళ్ళీ నోరు తెరిచింది, మళ్ళీ రాలేదు.

మాల్యాద్రి లేవలేదు. ఆమె చెప్పేదాకా అలాగే కూర్చున్నాడు.